పాచిక పడిన పిమ్మట

వానకాలపు కోతలు ముగిసి, మిర్యాలగూడ మిల్లులకు పోవలసిన వడ్లు బాటకు ఇరుప్రక్కల టార్పాలిన్ల క్రింద ఒదిగియున్న యొక కార్తికపు రాత్రి, త్రిపురారములోని మా యింటి వసారాలో చాప పరచి, పెట్టెలోనుండి ఆరుకోణముల అట్టపలకలు 19 తీసి, ఒకదాని ప్రక్క నొకటి చేర్చి, నేనొక ద్వీపమును నిర్మించితిని. అందు పైరుపొలములు నాలుగు, అడవులు నాలుగు, గొఱ్ఱెలు మేయు బీళ్ళు నాలుగు, ఇటుకమన్ను దిబ్బలు మూడు, ఖనిజపు కొండలు మూడు, ఒక ఎడారి. ఎడారి తప్ప తక్కిన ప్రతి పలకమీదను ఒక అంకెబిళ్ళ యుండును. రెండు పాచికలు వేయగా వచ్చిన మొత్తము ఏ బిళ్ళమీది అంకెతో సరిపడునో ఆ పలక పండును. దాని మూలను పల్లె కట్టుకొన్నవాడు ఆ పంటను చేత పుచ్చుకొనును.

కోదాడ ప్రక్కనుండి చుట్టపుచూపుగా వచ్చిన మా బావ, జీవితములో పచ్చీసు, పులిజూదము తప్ప మఱొక ఆట యెఱుగనివాడు, రెండు అంకె బిళ్ళ యున్న పొలము మూలను తన కొయ్యపల్లెను పెట్టబోయి, చేయి ఆపి నా మొగము చూచెను.

"బావా, ఈ రెండు ఎన్నిమాట్ల పడ్తది?"

"ముప్ఫయ్యారిట్ల ఒక్కసారి."

"మరి ఆరు?"

"ఐదుసార్లు."

"అట్లనా! అయితే ఆరు బిళ్ళది మీ త్రిపురారం పొలం, రెండు బిళ్ళది మా చివరి తూము పొలం. నాకొద్దు పో."

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న నీరు వదలబడిన నాగార్జునసాగరమునకు ఎడమకాలువ క్రింద పుట్టి పెరిగినవారికి తలభూమి, చివరిభూమి అను భేదమును వేఱుగ బోధింప నక్కఱలేదు. రెండు పాచికలకు 36 విధముల పాటు గలదనియు, అందు ఏడు ఆఱు విధముల, ఆఱును ఎనిమిదియు అయిదేసి విధముల, రెండును పన్నెండును ఒక్కొక్క విధముగ మాత్రమే వచ్చుననియు నేను కాగితముమీద గీసి చూపబోవుచుండగనే, ఆ సంభావ్యతాశాస్త్ర మంతయు ఆయన నోట ఒక్క వాక్యమై వెలువడినది. ఆ ఆట పేరు ‘కటాన్’. దానిని 1995లో లోకమున కిచ్చిన క్లౌస్ టాయిబర్ జర్మనీలో దంతవైద్యులకు కట్టుడుపండ్లు చేసి యిచ్చు వృత్తిలో నుండి, సాయంకాలములందు ఇంటి క్రింది గదిలో ఆటలు కల్పించి భార్యాబిడ్డలచే ఆడించి చూచుకొన్నవాడు. 2023 ఏప్రిల్ 1న గతించిన ఆ మహానుభావుడు సాగరు ఆయకట్టు పేరైన వినియుండడు. అయినను ఆయన ఆటలోని మర్మమును ఆయకట్టు చివరి రైతు పట్టినంత సూటిగా పట్టిన సమీక్షను నేనింతవఱకు చదువలేదు. ఆ రాత్రియే బావ మాటను నా పొడుగు నోటుబుక్కులో వ్రాసికొంటిని.

పత్తాలా, సారూ?

ఆ నోటుబుక్కు సంగతి చెప్పవలెను. క్రొత్త ఆటలను తెప్పించి, ఆడి, ఆడించి, అవి యెట్లున్నవో వ్రాసి పెట్టుకొనుట నాకు చాలకాలముగా నున్న వ్యాసంగము. వ్యసనమనిన వారును గలరు. మా యింటివారు వారిలో నొకరు. తెలుగు చెప్పి బ్రదికినవానికి పద్యములను విడిచి పాచికలను విమర్శించు బుద్ధి యేల పుట్టెనని మిత్రు లడుగుదురు. వారికి నేనిచ్చు సమాధాన మొక్కటే. పద్యమునకు ఛందస్సు ఎట్టిదో ఆటకు నియమ మట్టిది. యతిప్రాసల సంకెళ్ళలో నుండి కవి యెంత స్వేచ్ఛను సాధించెనని చూచు కన్నే, ఇన్ని కట్టుబాట్లలో ఆటగానికి ఎంత స్వేచ్ఛ మిగిలినదని కూడ చూడవలెను. పాచిక పడిన పిమ్మట నా చేతిలో నిర్ణయ మేదైన మిగిలినదా? ఏ యాటనైనను నేనడుగు మొదటి ప్రశ్న యిది. ఒక్కొక్కప్పుడు కడపటి ప్రశ్నయు నిదియే.

ఆరంభములో నాకు వచ్చిన చిక్కు నియమములది కాదు, అపవాదుది. ఒకనాటి మధ్యాహ్నము రైలుబండ్ల ఆటకై రంగుకాగితపు ముక్కలు పంచుచుండగా, ఎదురింటి పెద్దయ్య గడపదాక వచ్చి, కండువాతో మొగము తుడుచుకొనుచు, ఒకింత జాలిగా, "ఏంది సారూ, మీరు గుడ పత్తాలు మొదలువెట్టిన్రా?" అనెను. ఆయన తప్పు లేదు. ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తము జూదరి యొకడు ఆలుబిడ్డల నెడబాసి యేడ్చిన యేడ్పు. ఆనాటి అక్షములు తాండ్రకాయలు. ధర్మరాజు ఆడిన ఆట నన్నయగారి సభాపర్వము మొదలుకొని నిన్నమొన్నటి వీధినాటకముదాక మనవారి చెవులలో మ్రోగుచునే యున్నది. ఇంతటి పూర్వకథ గల జాతికి పాచిక కనబడగనే ఉలికిపాటు కలుగుట సహజము. పణమున్న జూదము, పణము లేనిచో క్రీడ అని శాస్త్రము చెప్పిన పెద్దయ్య వినునా? నేను వాదింపక, ఆయనను కూర్చుండబెట్టి ముక్కలు చేతికిచ్చితిని. గంటన్నరకు లేచి, "పైసలు లేకుండ గింత పోటీయా!" యని పోయినాడు. మఱునాడు తానే ముందు వచ్చినాడు.

విమర్శకులు పెంచిన వంశము

ఈ క్రొత్త ఆటలకు జర్మనీ దేశము పుట్టినిల్లని చెప్పుట వాడుక. పుట్టుట వేఱు, పెరుగుట వేఱు. వీనిని పెంచినవారు వర్తకులు మాత్రమే కారు, విమర్శకులు. పుస్తకమును సమీక్షించినట్లు ఆటను పత్రికలలో సమీక్షించు వాడుక ఆ దేశమున నుండెను. అట్టి సమీక్షకులు కొందఱు 1978లో కూడి, ఏటేట ఒక మేలైన ఆటను ఎన్నుటకై ‘ష్పీల్ డెస్ యారెస్’ అను పురస్కారమును నెలకొల్పిరి. మొదటి బహుమానము 1979లో ఆంగ్లేయుడగు డేవిడ్ పార్లెట్ కల్పించిన కుందేలు–తాబేలు పందెపు ఆటకు వచ్చినది. ఆ ఆటలో కాయ నడుచుటకు పాచికయే అక్కఱలేదు! ఎంత ముందునకు దుమికిన అంత ఎక్కువ మేత ఖర్చగును. తొందరపడిన కుందేలు దారిలో నిలిచిపోవును. కుందేలు–తాబేలు కథ విన్న పిల్లవాడు రెండవ వంతుకే దానిని గ్రహించును. తీర్పరులు ఆటను చేయువారును అమ్మువారును గాక, ఆడి వ్రాయువారు గావున ఆ యెఱ్ఱని కాయ గుర్తు పెట్టెమీద పడినచో కొనువారికి నమ్మకము కలిగెను. ఎస్సెన్ నగరమున 1983 నుండి యేటేట జరుగు ఆటల తిరునాళ్ళకు ఈ నమ్మకమే మూలధనము.

ఇంకొక ముచ్చట నాకు చాల ఇష్టము. ఆటపెట్టెలమీద కంపెనీ పేరేగాని కల్పించినవాని పేరు వేయని కాలమున, 1988లో, న్యూరెంబర్గు బొమ్మల సంతకు వచ్చిన ఆటకర్తలు కొందఱు, బీరుగ్లాసు క్రింద పెట్టు అట్టబిళ్ళమీద, మా పేరు పెట్టెమీద వేయనివారికి మా ఆట నియ్యమని వ్రాసి చేవ్రాళ్ళు చేసిరి. నేడు కర్త పేరులేని పెట్టె అరుదు. మన పులిజూదమునకు, అష్టాచమ్మకు, వామనగుంటలకు కర్త యెవడు? వేదమువలె అవియు అపౌరుషేయము లనుకొని ఊరకుంటిమి. ఈ మాట మరల వచ్చును.

సమీక్షకుని చాప

నేను ఏర్పఱచుకొన్న పద్ధతి యిది. ఒక ఆటను మూడుమారులు ఆడక దానిపై కలము పెట్టను. మొదటిమారు ఆడునది ఆట కాదు, నియమపుస్తకము. రెండవమారు తప్పులు దిద్దుకొందుము. మూడవమారు గాని ఆట మనతో మాటలాడదు. గెలిచినవాని పొగడ్తను చెవిని బెట్టను. ఓడినవాడు, "మళ్ళొక్కసారి పెట్టుండ్రి" అనెనా, ఇంటికి పోవలెనని చెప్పులు వెదకుకొనెనా అన్నది జాగ్రత్తగా చూచెదను. ఓడినవాని చెప్పులను మించిన సమీక్ష లేదు.

పెట్టెమీద ‘45 నిమిషములు’ అని యుండును. ఆ 45 నిమిషములు ఎవరివో నాకిప్పటికి బోధపడలేదు. నడుమ చాయ వచ్చుట, కరెంటు పోవుట, ఎవనికో ట్రాక్టరు డ్రైవరు ఫోను చేయుట, పాచిక చాప క్రిందికి దొర్లుట, అది ఆఱా అయిదా యని తగవు పడుట, ఇవి యేవియు ఆ లెక్కలో చేరలేదు. అందుచేత నేను కాలమును గడియారముతో గాక చాయలతో కొలిచెదను: కటాన్ రెండు చాయల ఆట.

నియమపుస్తకము లన్నియు ఆంగ్లములో వచ్చును. వానిని అక్కడికక్కడ తెలుగు చేసి చెప్పుటలో నాకు తెలిసిన సత్య మేమన, ఆట మాటలు మనకు పూర్వమే గలవు. వంతు, పందెము, కాయ, ఇల్లు, కాయ చచ్చుట, కాయ పండుట — పచ్చీసు, అష్టాచమ్మలు ఇచ్చిన ఈ గుప్పెడు మాటలతో ఎంతటి జర్మను ఆటనైనను మా వసారాలో పావుగంటలో విడమఱచి చెప్పవచ్చును. నేను ‘స్థావరము’ అన్నప్పుడు ఎవరికిని తెలియలేదు. ‘పల్లె’ అనగనే అందఱును కట్టిరి.

ఒక పొరపాటు మంచి పాఠము చెప్పినది. ‘కార్కసోన్’ అను ఆటను, ధర చూచి మురిసి, ఆన్‌లైనులో ఒక అమ్మకందారునొద్ద కొంటిని. అది క్లౌస్ యుర్గన్ వ్రెడె 2000లో కల్పించినది. ఫ్రాన్సు దక్షిణమున నున్న కోటపట్టణము పేరు దానికి పెట్టిరి. 72 పలకలు, వంతున కొకటి తీసి, బాటకు బాట, కోటకు కోట, పొలమునకు పొలము కలియునట్లు పేర్చి, దానిమీద తన కొయ్యమనిషిని నిలుపుట ఆట. పెట్టె విప్పి చూడగా పలకలు సరిపోయినవి గాని కొయ్యమనుషులలో ఒక రంగువారు పూర్తిగా లేరు. తిరిగి పంపుటకు ఓపిక లేక, వారికి మాఱుగా చింతగింజలు పెట్టితిమి. పది నిమిషములకు ఆట యాగిపోయినది. ఏలయనగా ఆ ఆటలో కోటయందు నిలిచినవాడు సైనికుడు, బాటయందు నిలిచినవాడు దొంగ, పొలములో పండుకొన్నవాడు రైతు. నిలిచినవాడు పని కాగానే చేతికి తిరిగి వచ్చును. పండుకొన్నవాడు ఆట ముగియుదాక లేవడు. చింతగింజ నిలువదు, పండుకొనదు; అది దొర్లును. చేతులు చాచి కాళ్ళు ఎడముగా నున్న ఆ కొయ్యబొమ్మ అందమునకు చేసినది గాదు, నిలుచుటకును పండుటకును వీలుగ చేసినది యని నాకు చింతగింజ చెప్పినది. చివరకు మిల్లులో గుమాస్తాపని చేయు పిల్లవాడొకడు గింజలను రెండు బద్దలుగ చీల్చి, నల్లని వీపు పైకున్న సైనికుడు, తెల్లని కడుపు పైకున్న రైతు అని తీర్పు చెప్పెను. మా పెట్టెలో నేటికిని ఆ బద్దలే గలవు. ఆ ఆటలో రైతు మార్కులు ఆఖరున గాని రావనియు, వచ్చినచో ఆటనే తిరుగవేయుననియు తెలిసిన నాడు మా పెద్దయ్య అన్న మాట: "మా రైతుకు నడుం వాల్చె తీరికేడిది సారూ, ఆ దేశంల పండుకున్నోనికే పంటొచ్చేటట్టుంది."

రైలుబండ్ల ఆట సంగతి క్లుప్తముగ చెప్పెదను. ఆలన్ మూన్ 2004లో తెచ్చిన ‘టికెట్ టు రైడ్’కు తరువాత 1911 నాటి హిందూదేశపు పట మొకటి అదనముగ వచ్చినది; ఇయాన్ విన్సెంట్ గీసిన యా పటమున, ఇచ్చిన రెండు ఊళ్ళను రెండు వేర్వేఱు మార్గముల కలిపినవారికి ‘మండలము’ పేర అదనపు మార్కు లిత్తురు. బీబీనగరు–నడికుడి మార్గముమీద నున్న మిర్యాలగూడకు ఆ పటమున చోటెక్కడిది, మా మార్గ మంతయు తరువాతి కాలమునది. పిల్లలు మాత్రము పెన్సిలుతో వేసెదమని పట్టుపట్టిరి, నేను వేయనీయలేదు. ఇప్పుడు వేయనిచ్చియుండిన బాగుండునని తోచుచున్నది. ఇక మాట్ లీకాక్ 2008లో చేసిన ‘పాండెమిక్’లో ఆటగాండ్రందఱు ఒక పక్షము, నాలుగు రోగములు ఎదుటి పక్షము. అది మేలైన ఆటయే యైనను, 2020 తరువాత మా చాపమీద దానిని పరువ నొకరికిని మనసొప్పలేదు.

కటాన్ గుఱించి తీర్పు చెప్పక తప్పదు. పది మార్కులకు ముందు చేరినవాడు గెలుచును; నడుమ జరుగునది బేరము. "నాకో ఇటుక ఇయ్యి, నీకు రెండు గొర్రెలిస్త" యని మొదలై, "నిన్న నాకెందుకియ్యలే" యను పాతకక్షల దాక పోవు ఆ బేరమే ఆట ప్రాణము. సంత తెలిసిన మన యూరివారికి నేర్ప నక్కఱ లేదు. పల్లెలు పెట్టు వరుస యందు మొదటివాడు మొదట నొకటి, అందఱి తరువాత నొకటి పెట్టవలెను. కడపటివాడు రెండును వెంటవెంట పెట్టును. ఇది వంతులలోని అన్యాయమును సవరించు చక్కని యుపాయము. కాలువ నీటి వంతులు వేయు అధికారులు ఒకమారు చూడదగినది. లోపమును దాచరాదు: ఆదిలో అంకెలు కలిసిరానివాడు రెండవ చాయదాక చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. మా బావ ఆఱు బిళ్ళను పట్టి, దానిమీదికి దొంగను తోలిన మా మేనకోడలి చేతిలో ఓడినాడు. ఏడు పడినవాడు దొంగను ఏ పలకమీదనైన పెట్టవచ్చును, ఆ పలక పండదు. తలభూమికి కూడ ఒక శత్రువు గలడని ఆయన కానాడు తెలిసినది.

మన యాటలను తూచిన త్రాసు

ఇరువది ముప్పది పెట్టెలను ఇట్లు తూచిన పిదప, ఈ త్రాసునే మన యాటలకు పట్టిన నేమగునను కోరిక పుట్టినది. పొగడుటకు గాదు. పరాయి యాటకు ఒక తూనికఱాయి, మన యాటకు ఒక తూనికఱాయి పెట్టుట విమర్శ కాదు, చుట్టఱికము.

వైకుంఠపాళితో మొదలుపెట్టితిని, త్వరగా ముగించితిని. సుగుణము, భక్తి, వైరాగ్యము నిచ్చెనలై ఎక్కించుటయు, అరుకాషుడను మహాసర్పము చూచుచుండగనే అధఃపాతాళమునకు దింపుటయు చూచుట కెంత ముచ్చటయైనను, పాచిక పడిన పిమ్మట ఆటగాడు చేయునది కాయను జరుపుట మాత్రమే. ఆ పని పిల్లికూనకు నేర్పినను చేయును. కర్మసిద్ధాంతమును కన్నులకు కట్టిన పటముగ నది సాటిలేనిది. ఆటగా సున్న. ఈ మాట అన్నందులకు మా యింట రెండుదినములు నాతో ఎవరును సరిగా మాటలాడలేదు.

అష్టాచమ్మ అంతకంటె మేలు. అయిదునిలువు అయిదడ్డము గళ్ళు, నాలుగు గవ్వలు, నోళ్ళు ఎన్ని పైకి పడిన అంత పందెము, నాలుగును నోళ్ళు తెఱచిన చమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట, ఆ రెంటికి మరల వేయు హక్కు. గవ్వ యిటునటు సమముగ పడునని యెంచినచో 16 పాట్లలో రెండు ఆఱుమారులు, ఒకటియు మూడును నాలుగేసి మారులు, చమ్మయు అష్టయు ఒక్కొక్కమారు రావలెను. కాని గవ్వ పాచిక కాదు. దాని వీపు ఉబ్బు, నోరు చదును; ప్రతి గవ్వకు తన దుర్గుణము తనకు గలదు. మా వీధి ఆటగత్తెలు ఎదుటివారి గవ్వలతో ఆడ నొప్పుకొనరు. ఏ కాయను జరుపవలె, ఎవని కాయను చంపవలె, కట్టుగీతలున్న యింటిలో ఎంతసేపు దాగవలె — ఇన్ని నిర్ణయములు ఆటగాని చేతిలో మిగులుచున్నవి గనుక నా నోటుబుక్కులో దీనికి మంచి చోటే దొరకినది. దీని దాయాది పచ్చీసును తీసికొనిపోయి, ఆలోచన తగ్గించి, 1896లో ఇంగ్లండున లూడో పేర పేటెంటు చేయించిరి. అదియే మరల మన పిల్లల సెల్‌ఫోనులలోనికి వచ్చినది. తగ్గించినదానిని మనము ఎక్కువ ప్రేమతో ఆడుచున్నాము.

పులిజూదమునకు వచ్చుసరికి నా కలము నిలిచినది. మూడు పులులు, పదునైదు మేకలు. గోపురమువలె మీదికి కూచియైన గీతలను అడ్డగీతలు కోయగా నేర్పడిన 23 చోట్లు. పాచిక లేదు, గవ్వ లేదు, దైవమను మాటయే లేదు. పులి ప్రక్కనున్న మేకమీదుగా దుమికి ఆవలి ఖాళీలో పడినచో మేక చచ్చును. మేకకు చంపు శక్తి లేదు, చుట్టుముట్టు శక్తి మాత్రమే కలదు. మేకల నన్నిటిని దింపుదాక దింపిన మేకను కదల్పరాదు. పులులు మాత్రము మొదటినుండియు తిరుగుచునే యుండును. ఇరువైపుల వారికి వేర్వేఱు బలములు, వేర్వేఱు లక్ష్యములు ఇచ్చి సరితూచుట నేటి ఆటకర్తలకు గొప్ప గర్వకారణము. మన గుడిమండపపు బండలమీద ఉలితో చెక్కిన యీ గీతలు ఆ గర్వమును వందలయేండ్లుగా చిఱునవ్వుతో చూచుచున్నవి.

పులులవైపు కూర్చున్న క్రొత్తవాడు మొదటి అయిదు నిమిషములు రాజ్యమేలును. రెండు మేకలు తిని మీసము దువ్వును. నేర్పరి మేకలవాడు ఆ రెండు మేకలను ఎరగా వేసినాడని వానికి పదవ మేక దిగిన తరువాత గాని తెలియదు. అంచులనుండి లోనికి, వెనుక ఖాళీ లేకుండ, ఒక మేకకు ఇంకొక మేక వీపునిచ్చుచు మంద కూడుకొనివచ్చును. దుముకుటకు చోటు లేక పులి నిలిచిపోవును. ఒక పులి కట్టుపడిన తరువాత ఎదుటివాని చేయి గాలిలో ఎంతసేపు ఆడునో చూచుటకే నేను కూర్చుందును. నా నోటుబుక్కు మొత్తములో రెండుపక్షములను మార్చుకొని వెంటనే మఱల ఆడవలెనని అందఱును అడిగిన ఆట యిది యొక్కటే. పేరులో జూదమున్నను పణములేదు. పెద్దయ్యకు ఆ సంగతి చెప్పగా, "ఇది జూదమేంది సారూ, ఇది మాది" యనెను.

లోపము? ఉన్నది, గాని ఆటలో లేదు. ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లు? త్రిపురారములో అయిదన్నవాడు గలడు, ఆఱన్నవాడు గలడు, కోదాడ బావ అన్నియు చావవలెననును. వ్రాసియున్న నియమము లేదు. ఉన్న నియమము చెప్పువారి జ్ఞాపకములో నున్నది.

దీనిని మఱింత దగ్గఱగా నాకు చూపినది వామనగుంటలు. మా వీధి చివర ఎనుబది దాటిన అవ్వ యొకతె గలదు. ఆమె యొద్ద పదునాలుగు గుంటల కొయ్యపీట, పాతగుడ్డలో మూటగట్టిన చింతగింజలు గలవు. గింజలు ఎన్నియని అడుగక ముందే ఆమె వ్రేళ్ళు గుంటకు అయిదేసి చొప్పున నింపి ముగించినవి, లెక్కించినట్లే కనబడలేదు. ఒక గుంటలోనివి తీసి, వరుసగా గుంటకొకటి వేసికొనుచు పోయి, చేతిలోనివి అయిపోగానే పై గుంటవి యెత్తి మరల వేయుచు, ఖాళీ గుంట తగిలినచోట దానిని అఱచేత తుడిచి, ఆవలి గుంటలోనివి తన కొంగున వేసికొనును. నేను ఆలోచించుచుండగా, "చేతితోని ఆడు కొడుకా, నెత్తితోని కాదు" అని మందలించినది. మూడుమార్లును ఓడితిని. నడుమ నొక గుంటలో నాలుగు గింజలు కూడగా, నా వంతు నడుచుచుండగనే ఆమె చేయి చాచి వానిని తీసికొన్నది. ఇదేమి నియమ మంటిని. "మా అమ్మగారింట్ల గట్లనే," అన్నది. అమ్మగారి యూరు ఏదియని అడిగితిని, చెప్పినది. ఆ గుంటవారికే నాలుగు చెందునని వ్రాసికొంటిని. అత్తవారింట ఆ నియమము లేదట. ఆమె డెబ్బది యేండ్ల క్రిందట కోడలై వచ్చి దానిని నెగ్గించుకొన్నదట.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, వేడుక, ఆట ముఖ్యములని తలచి వానికి చోటిచ్చిరి, ఆ గ్రంథమునకే 1955లో తెలుగున మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. పొరుగున మైసూరులోని రామ్‌సన్స్ కళాప్రతిష్ఠానమువారు, చెన్నైలోని ‘క్రీడా’వారు, బెంగళూరులోని ‘కవడె’వారు పాతపలకలను, పీటలను మరల చేయించి ఆడించుచున్నారు. పలకను వడ్రంగి చేయగలడు. నియమమును చేయలేడు; అది అవ్వ నోటనుండి రావలెను. నే నెఱిగిన అవ్వలలో నాటికి నేటికి ఇద్దఱు లేరు.

కావున పాఠకులను నేను కోరునది చిన్నపని. ఈ యాదివారము మధ్యాహ్నము, ఇంటిలో పెద్దవారున్నచో, వారి యెదుట ఒక తెల్లకాగితము పెట్టుకొని కూర్చుండుడు. గుంటకు గింజ లెన్ని, ఖాళీగుంట తగిలిన నేమి, నాలుగు కూడిన నెవరివి, ఎన్ని మేకలు చచ్చిన పులిది గెలుపు, కాయ పండుటకు ముందు ఎదుటి కాయను చంపవలెనా అక్కఱలేదా — అడిగి వ్రాయుడు. ఒక్కమాటు ఆడి సరిచూచుకొనుడు. మీకు తప్పనిపించినదానిని దిద్దకుడు. కాగితము అడుగున తేదీ వేసి, చెప్పినవారి పేరును, వారి పుట్టినయూరి పేరును తప్పక వ్రాయుడు.